ఇరవై రెట్ల జేబు భూతద్దం: నల్లి దారులు చూడడానికి ఎంతవరకు పనికివస్తుంది?

చిక్కుడు ఆకుల పైభాగాన సూదితో పొడిచినట్టు సన్నని తెల్లచుక్కలు కనిపించినప్పుడు నేను ముందు మందు కొన్నాను, భూతద్దం చాలా ఆలస్యంగా కొన్నాను. వరుస మార్చి కొని ఉంటే ఆ కాపు మిగిలేది. అప్పుడు చల్లినది పురుగులకు వాడే సింథటిక్ పైరిత్రాయిడ్ మందు. వారం తిరిగేసరికి చుక్కలు ఆ మడి దాటి పక్కనున్న వంగ మొక్కలకు పాకాయి, చిక్కుడు తీగల కొసలకు సన్నని బూజు పట్టింది. మందు అమ్మినవారు మోతాదు పెంచమన్నారు, పెంచాను, బూజు ఇంకా చిక్కబడింది. రెక్కలు లేని, కంటికి సరిగా ఆనని పంట నల్లి ఒక మడి నుంచి ఇంకో మడికి ఎలా చేరిందన్న ప్రశ్న అప్పుడు నన్ను పట్టుకుంది. దానికి జవాబు వెతుక్కోవడానికే ఈ జేబు భూతద్దం కొన్నాను. రెండు సాగు కాలాలుగా అది నా మెడలోని తాడుకు వేలాడుతూనే ఉంది కాబట్టి, దాని మంచిచెడులు చెప్పడానికి నాకు కొంత హక్కు ఉందనుకుంటున్నాను.

వస్తువు చిన్నది. స్టీలు తొడుగులోంచి పక్కకు తిప్పితే కటకం బయటికి వస్తుంది; తొడుగు మీద 20 అని చెక్కి ఉంటుంది. లోపల ఉన్నది ఒకే గాజు బిళ్ల కాదు, మూడు కటకాలను అతికించి చేసిన ట్రిప్లెట్. అందువల్ల అంచుల దగ్గర కూడా బొమ్మ పెద్దగా వంకర పోదు, తెల్లటి గుడ్డు చుట్టూ ఊదా, పసుపు చారలు కట్టవు. ఈ గుణాన్ని నేను ఇంతగా మెచ్చుకోవడానికి కారణం దీనికి ముందు కొన్న అద్దం. దాని మీద 30, 21 అని రెండు అంకెలు ఉండేవి: మొదటిది ఎన్ని రెట్లు పెద్దగా చూపుతుందో, రెండోది కటకం వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో చెప్పే అంకె. నిజంగా 30 రెట్లు చూపాలంటే కటకం నాభ్యంతరం, అంటే దూరపు వస్తువు బొమ్మ స్పష్టంగా పడే చోటుకూ కటకానికీ మధ్య దూరం, 8 మిల్లీమీటర్ల చిల్లర ఉండాలి: మామూలు కన్ను హాయిగా చూడగల దగ్గరి దూరంగా లెక్కకు తీసుకునే 250 మిల్లీమీటర్లను 30తో భాగిస్తే వచ్చేది అదే. కిటికీకి ఎదురుగా తెల్లకాగితం పెట్టి, కిటికీ బొమ్మ దాని మీద తలకిందులుగా పడేలా అద్దాన్ని ముందుకూ వెనక్కూ జరిపి కొలిస్తే, 25 మిల్లీమీటర్ల దగ్గర బొమ్మ స్పష్టమైంది. అంటే అది 10 రెట్ల అద్దమే. అసలు 21 మిల్లీమీటర్ల వ్యాసమున్న గాజు గోళీకే నాభ్యంతరం 16 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. అంత వెడల్పు కటకం 30 రెట్లు చూపుతుందన్న మాటను నమ్మే ముందు నేను ఆ లెక్క వేసుకోవలసింది. కొత్త అద్దాన్ని అదే పద్ధతిలో కొలిస్తే 12, 13 మిల్లీమీటర్ల మధ్య తేలింది. కటకం మందం వల్ల ఒకటి రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ పోయినా, చెక్కిన 20కీ చూపే దానికీ పొంతన ఉంది.

అయితే ఈ నిజాయితీకి ఒక ఖరీదు చెల్లించాలి. నాభ్యంతరం ఇంత తక్కువైనప్పుడు ఆకు అద్దానికి దాదాపు తగిలేంత దగ్గరగా రావాలి, అద్దం కంటికి కనురెప్ప వెంట్రుకలు తగిలేంత దగ్గరగా ఉండాలి. మొదటి రోజు నేను అద్దాన్ని పుస్తకం చదివేవాడిలా చెయ్యి చాచి పట్టుకున్నాను. మసక తప్ప ఏమీ కనిపించలేదు. చూపుడువేలిని అద్దం తొడుగులో దూర్చి, ఆ చేతిని చెంపకు ఆనించి, రెండో చేత్తో ఆకును అద్దం వైపు తేవాలి, అద్దాన్ని ఆకు వైపు కాదు. రెండు చేతుల వేళ్లూ ఒకదానికొకటి ఆనితే వణుకు తగ్గుతుంది. ఇంత చేసినా ఈనె మీద చూపు కుదిరితే ఈనె పక్క గుంట మసకబారుతుంది, గుంటలో కుదిరితే ఈనె మసకబారుతుంది. పైగా మన తల నీడే ఆకు మీద పడుతుంది. అందుకే నేను ఎండకు వీపు పెట్టకుండా పక్కవాటుగా నిలబడతాను. వెలుగు కోసం చిన్న దీపం అమర్చిన రకాలు కూడా వస్తున్నాయి. నా దానికి దీపం లేదు, ఆ లోటు సాయంత్రం పూట బాగా తెలుస్తుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మన భాషలో మంచాల్లో చేరి రక్తం పీల్చేదీ నల్లే, మొక్కల రసం పీల్చేదీ నల్లే. పేరు ఒక్కటైనంత మాత్రాన కులం ఒక్కటి కాదు. మంచం నల్లికి ఆరు కాళ్లు, అది పురుగు. పంట నల్లికి ఎనిమిది కాళ్లు, అది సాలీడుకు చుట్టం. పురుగుమందు పంట నల్లి మీద ఎందుకు పారలేదో అద్దంలో కాళ్లు లెక్కపెట్టిన రోజున నాకు సగం అర్థమైంది. కాళ్లు లెక్కపెట్టేటప్పుడు ఒక తిరకాసు ఉంది: గుడ్డు లోంచి అప్పుడే వచ్చిన పిల్లకు ఆరు కాళ్లే ఉంటాయి, మిగిలిన రెండు తర్వాతి దశలో వస్తాయి.

నా చిక్కుడు మీద ఉన్నది రెండు మచ్చల నల్లి. 1836లో కోచ్ అనే శాస్త్రవేత్త దీనికి టెట్రానికస్ ఉర్టికే అని పేరు పెట్టాడు. వెయ్యికి పైగా మొక్క జాతుల మీద ఇది బతకగలదు. పెద్ద ఆడది అర మిల్లీమీటరు ఉంటుంది, ఈ అద్దంలో ఒక సెంటీమీటరుగా కనిపిస్తుంది. పారదర్శకమైన ఒళ్లు, దానికి రెండు పక్కలా లోపల తిన్న పచ్చటి పదార్థం పేరుకున్న రెండు నల్లమచ్చలు, వీపున నిక్కపొడుచుకున్న పొడవాటి వెంట్రుకలు స్పష్టంగా తెలుస్తాయి. మగది చిన్నది, తోకవైపు కొసతేలి ఉంటుంది. గుడ్డు గుండ్రని గాజుపూస, 0.13 మిల్లీమీటర్ల వస్తువు ఆవగింజ కంటే కొంచెం పెద్దగా కనిపిస్తుంది. 10 రెట్ల అద్దంలో గుడ్డు ఉందని తెలుస్తుంది. 20 రెట్ల దానిలో అది నిండు గుడ్డా, పిల్ల వెళ్లిపోయిన ఖాళీ పెంకా అన్నది తెలుస్తుంది. మందు పని చేసిందో లేదో తేల్చడానికి ఈ ఒక్క తేడా చాలు. 25 నుంచి 30 డిగ్రీల వేడిలో గుడ్డు పెద్ద నల్లి కావడానికి వారం, పది రోజులు సరిపోతుంది కాబట్టి, నేను ఐదు రోజులకొకసారి అవే మొక్కలను చూస్తాను.

చూపు అలవాటైన తర్వాత ఈ పనిముట్టు అసలు విలువ కనబడింది. గుంపు ఆకు అడుగున, నడిమి ఈనె పక్కన మొదలవుతుంది. ఆకు పాలిపోయే కొద్దీ కొన్ని అక్కడినుంచి లేచిపోతాయి. అలా పోయేవాటిలో ఎక్కువ భాగం అప్పుడే మగదానితో కలిసి ఇంకా గుడ్లు పెట్టడం సరిగా మొదలుపెట్టని పడుచు ఆడవి. కాడ మీదుగా కాండానికి దిగి, మళ్లీ పైకి, వెలుగు వైపు నడవడం అద్దంలో చూశాను. నడిచే ప్రతిదీ వెనక సన్నటి దారం వదులుతుంది. ఆ దారం సాలీడుకు వచ్చినట్టు పొట్ట చివరి నుంచి రాదు, నోటి పక్కనున్న బుల్లి అవయవాల నుంచి వస్తుంది. చిక్కుడు తీగ ఆకు ఒకటి పక్క మడిలోని వంగ ఆకును తాకిన చోట రెండింటికీ మధ్య ఇలాంటి దారాలు పదుల సంఖ్యలో అల్లుకొని, వాటి మీద రెండు నల్లులు ఒకదాని వెనక ఒకటి వెళ్తుండగా చూసినప్పుడు, నా మొదటి ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టయింది. ఆ రోజే రెండు మడుల మధ్య జానెడు ఖాళీ ఉండేలా ఆకులు తుంచాను, గట్టు మీద కలుపు పీకేశాను. అయితే నల్లి నేల మీద కూడా నడవగలదు. ఆ ఖాళీ దాని నడకను ఆలస్యం చేస్తుందే తప్ప ఆపదు.

మిగతా సగం జవాబు గాలిలో ఉంది, అక్కడ ఈ అద్దం తడబడింది. గుంపు కిక్కిరిసి ఆకు ఎండిపోతున్నప్పుడు ఆడ నల్లులు ఆకు అంచుకు చేరి, ఒంటి ముందుభాగాన్ని పైకి లేపి, ముందరి కాళ్లు గాలిలోకి ఎత్తి నిలబడతాయి; ఆ భంగిమలో ఉన్నదాన్ని గాలి తెర ఎత్తుకుపోతుంది. రెండు మచ్చల నల్లి ఇలా దారం సాయం లేకుండానే ఎగురుతుంది. ఆపిల్ తోటల్లోని యూరోపియన్ ఎర్రనల్లి వంటివి మాత్రం దారానికి వేలాడి, దారంతో సహా గాలికి తెగిపోతాయి. కాళ్లెత్తిన నల్లిని నేను చాలాసార్లు చూశాను, ఎగిరే క్షణాన్ని ఒక్కసారీ పట్టుకోలేకపోయాను. అద్దంలో కనిపించే చోటు అంత చిన్నది, చూస్తుండగా ఉన్న నల్లి మరుక్షణం లేదు, అంతే. అందుకని గాజుపలకలకు పల్చగా గ్రీజు పూసి మడికి గాలివాలు దిక్కున కర్రలకు కట్టాను. రెండు రోజుల తర్వాత ఆ పలకలను అద్దంతో వెతికితే దుమ్ము, పుప్పొడి మధ్య అంటుకుపోయిన నల్లులు ఏడు దొరికాయి. గాలి వచ్చే దిక్కున పెట్టిన పలక మీద ఒక్కటీ లేదు. ఇలా దిగే నల్లి ఒంటరిదైనా నష్టం లేదు దానికి. మగదానితో కలవని ఆడది పెట్టిన గుడ్ల నుంచి మగపిల్లలు పుడతాయి, ఆ మగదానితోనే కలిసి అది ఆడపిల్లలను కంటుంది. ఒక్కటి చాలు, ఊరు కట్టడానికి.

తీగ చివర నేను బూజు అనుకున్నది బూజు కాదని కూడా అద్దమే చెప్పింది. మొక్క మీద తినడానికి ఏమీ మిగలనప్పుడు నల్లులన్నీ కొసకు ఎక్కి, దారాలతో గోధుమరంగు ఉండ కట్టుకుంటాయి. ఆ ఉండలో అధికభాగం ఇంకా పెద్దవి కాని పిల్లలు. గాలికి రాలినా, అటుగా పోయే మనిషి చొక్కాకు అంటుకున్నా వందల ప్రాణాలు ఒక్కసారి ప్రయాణం చేస్తాయి. నేను పైరు మధ్య నడుస్తూ మోచేతితో అలాంటి కొసలను ఎన్నిసార్లు రాసుకుపోయి ఉంటానో.

మిరప దగ్గర కథ వేరు. ఆకులు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే తెల్లనల్లి అని మిరప వేసేవాళ్లందరికీ తెలుసు. ఆ కింది ముడత కంటికి కనిపించేసరికి నల్లి వచ్చి చాలా రోజులై ఉంటుంది. తెల్లనల్లి 0.2 మిల్లీమీటర్లే ఉంటుంది, దారం అల్లదు, లేత చిగుళ్లలోనే ఉంటుంది. ఈ అద్దంలో అది నాలుగు మిల్లీమీటర్ల నూనె బొట్టులా మెరుస్తుంది. దాని గుడ్డు మాత్రం చూసి తీరవలసినది: కోలగా, ఆకుకు అతుక్కొని, పైన తెల్లటి బుడిపెలు వరుసలుగా పొదిగినట్టుంటుంది. ఇంకే పురుగు గుడ్డూ అలా ఉండదు కాబట్టి రోగ నిర్ణయం అక్కడితో అయిపోతుంది. పెద్దవి కాబోతూ కదలకుండా పడి ఉన్న ఆడపిల్లలను మగ నల్లులు వీపున అడ్డంగా ఎత్తుకొని ముదురు ఆకుల నుంచి కొత్త చిగుళ్లకు చేరవేస్తాయి. మొక్క నుంచి మొక్కకు దూరప్రయాణానికి తెల్లదోమ కాళ్లను పట్టుకుంటాయి. పసుపురంగు జిగురు అట్టకు చిక్కిన తెల్లదోమలను ఒక మధ్యాహ్నమంతా వెతికితే ఒకదాని కాలిని కావిలించుకున్న పూసలాంటి నల్లి దొరికింది. తెల్లదోమను అదుపు చేయకుండా మిరపలో నల్లి మందు ఒక్కటే చల్లడం నాకు ఆ తర్వాత అర్థం లేని పనిగా కనిపించింది.

ఈ అద్దం ఎక్కడ చేతులెత్తేస్తుందో కూడా చెప్పాలి. ఇరియోఫిడ్ నల్లులు పురుగు పిల్లల్లా సన్నగా, పొడవుగా, నాలుగే కాళ్లతో ఉంటాయి, పొడవు 0.2 మిల్లీమీటర్లే అయినా వెడల్పు అందులో పావు వంతు కాబట్టి అద్దంలో తెల్లటి నూలు తునకకు, వాటికి తేడా తెలియదు. టమాటా కాండం కింది నుంచి రాగిరంగుకు మారుతూ పైకి పాకినప్పుడు అక్కడ ఈ జాతిదే అయిన రస్సెట్ నల్లి ఉందని లక్షణాన్ని బట్టి అనుకున్నాను, అద్దంలో నిర్ధారించలేకపోయాను. ఇవి రెక్కల్లేకపోయినా గాలి మీద చాలా దూరం పోతాయి. కొబ్బరి పిందె ముచ్చిక రేకుల కింద దాక్కునేదీ ఈ జాతిదే. కందిలో గొడ్డుమోతు తెగులును, గోధుమలో చారల మొజాయిక్ వైరస్‌ను మోసేవీ ఈ జాతివే. అక్కడ నల్లి పాకడమంటే తెగులు పాకడమే. వాటిని వెతికేవారికి ఈ అద్దం చాలదు, బల్ల మీద పెట్టే సూక్ష్మదర్శిని కావాలి.

ఫోన్ కెమెరాకు తగిలించే కటకాన్ని కూడా కొన్నాళ్లు వాడాను. బొమ్మ తీసి ఇతరులకు చూపడానికి అది మేలు. కాని క్లిప్పు ఆకు మీద ఆనగానే నల్లులు నలుగుతాయి, గాలికి ఆకు ఊగితే తెర మీద ఏమీ నిలవదు, ఎండలో తెరే కనిపించదు. పొలంలో నిలబడి నిర్ణయం తీసుకోవలసిన మనిషికి మెడలో వేలాడే గాజుముక్కే నమ్మకం. అయితే 20 రెట్ల అద్దం ఒక్కటే కొంటే వెతుకులాటకే పొద్దు గడిచిపోతుంది. ఆకును తెల్లకాగితం మీద తట్టి, కదిలే చుక్కలను ముందు 10 రెట్ల అద్దంతో చూసి, అనుమానం కలిగిన చోట 20 రెట్లది తీయడం నాకు కుదిరిన పద్ధతి. తప్పుడు అంకె చెక్కిన ఆ పాత అద్దం అలా ఒక పనిలో కుదురుకుంది.

పంట నల్లిని తినే మిత్ర నల్లిని గుర్తుపట్టడానికీ రెండు అద్దాలూ కావాలి. ఫైటోసీయులస్ పెర్సిమిలిస్ అనే వేట నల్లి నారింజరంగులో, పియర్ పండు ఆకారంలో, పొడవాటి కాళ్లతో పరుగెడుతూ ఉంటుంది. నల్లి తిన్న మొక్క వదిలే వాసనను పట్టుకొని వస్తుంది. దాని పరుగును 20 రెట్ల అద్దంలో వెంబడించడం వృథా. దాని గుడ్డు మాత్రం ఆ అద్దంలోనే తేలుతుంది: పంట నల్లి గుడ్డుకు రెండింతలు, గుండ్రంగా కాక కోలగా ఉంటుంది. నేను మొదట చల్లిన పైరిత్రాయిడ్ ఇలాంటి వేట నల్లులను చంపి పంట నల్లిని వదిలేసింది. అంతేకాదు, మిగిలిన మందును తర్వాత ఒక్క మొక్క మీద చల్లి అద్దంతో కాపు కాస్తే, చావని ఆడ నల్లులు తినడం మాని ఆకు అంచులకూ కాడకూ చెదిరిపోవడం కనిపించింది. పక్క మడికి వాటిని తరిమింది నేనేనన్నమాట. వెయ్యి మొక్కల మీద బతికే ఈ జీవి ఇప్పటికే లెక్కలేనన్ని మందులకు అలవాటుపడిపోయింది కాబట్టి, మోతాదు పెంచమన్న సలహా ఎందుకు పనిచేయలేదో వేరే చెప్పనక్కర్లేదు.

వస్తువు లోపాలలోకి వస్తే, మడత దగ్గరి మర నాలుగు నెలల్లో వదులైంది. కళ్లజోడు మరలు బిగించే చిన్న స్క్రూడ్రైవరుతో అప్పుడప్పుడు బిగించుకోవాలి. కటకం వెడల్పు తక్కువ కావడంతో కళ్లజోడు పెట్టుకునేవారికి చూపు మేర ఇంకా కుదించుకుపోతుంది. నేను జోడు తీసి చూస్తాను. గంధకం చల్లిన మడిలో వాడిన రోజున తుడవకపోతే గాజు మీద పొడి గీతలు పడే ప్రమాదం ఉంది, ముందు ఊది తర్వాత మెత్తని గుడ్డతో తుడవాలి. నారు కొనేటప్పుడు ఆకుల అడుగు తిప్పి చూడడానికి మాత్రం దీనికి మించిన సాధనం నాకు తెలియదు. నల్లి కొత్త చోటికి చేరడానికి అన్నిటికంటే తేలికైన దారి మనం చేతులారా తెచ్చే నారే. ఒకసారి పచ్చగా నిగనిగలాడుతున్న వంగ నారులో పన్నెండో మొక్క దగ్గర నాలుగు గాజుపూసలు కనిపించి ఆ కట్టంతా వెనక్కి ఇచ్చేశాను.

పెట్టెతో పాటు ఇచ్చిన మఖమల్ సంచిని ఇంట్లోనే వదిలేశాను, దానికి కారణం ఉంది. ఒక ఉదయం బాగా నల్లి పట్టిన తీగను చూసి, మంచి మొక్క దగ్గరికి వెళ్లి అద్దం తెరిస్తే, కటకం చుట్టూ ఉన్న స్టీలు అంచు మీద ఒక ఆడ నల్లి చుట్టూ తిరుగుతూ కనిపించింది. ఆకును తాకేంత దగ్గరగా తెచ్చే వస్తువు కాబట్టి అది ఎక్కడం వింత కాదు. సంచి లోపలి నూగును రెండో అద్దంతో చూస్తే అక్కడ మరో రెండు ఉన్నాయి. అప్పటినుంచి మంచి మడులు ముందు, పట్టిన మడి చివర. మధ్యలో అద్దం అంచును, వేళ్లను, మెడలోని తాడును తడిగుడ్డతో తుడుచుకుంటాను. తాడు కూడా మార్చాను: దానితో వచ్చిన పేనిన నూలు తాడు దారాలను పట్టి లాగేది, ఇప్పుడు నున్నటి ప్లాస్టిక్ తీగ వేసుకున్నాను.